రియో గ్రాండే లోయలో పద్దెనిమిది నెలలు: స్పానిష్ సంఘాల్లో నా మిషన్ అనుభవం

నేను టెక్సస్ నుంచి టెక్సస్‌కే మిషన్‌కు, అంటే మా సంఘం తరఫున సువార్త చెప్పే సేవకు, వెళ్లాను. ఇంటి నుంచి ఎనిమిది గంటల కారు ప్రయాణం. అయినా పద్దెనిమిది నెలలు ఇల్లు చూడలేదు. మొదటి నాలుగు నెలలు ఎవరి ముందూ ధైర్యంగా నోరు విప్పలేదు. 2024 జూలైలో తిరిగి వచ్చినప్పటి నుంచి మన తెలుగు కుటుంబాల్లోని అమ్మాయిలు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల అమ్మలు, అసలు అక్కడ ఏం జరుగుతుందని అడుగుతున్నారు. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొదటి నుంచి రాస్తే మేలనిపించింది.

నాకు మూడేళ్లప్పుడు హైదరాబాదులో అమ్మానాన్నలు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో బాప్తిస్మం తీసుకున్నారు. మోర్మన్లంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 2012 మే నెలలో మన దేశంలోని మొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన సమూహం, హైదరాబాదులో ఏర్పడింది. ఆ ఆగస్టులోనే నాన్న ఉద్యోగం కోసం మేం డాలస్ దగ్గరికి వచ్చేశాం. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఈరోజు ఇలా తెలుగు రాయగలుగుతున్నానంటే అది ఒంగోలు అమ్మమ్మ పుణ్యమే. ఆమె బాప్తిస్టు. ప్రతి శనివారం ఫోనులో ఆమెకు పరిశుద్ధ గ్రంథం నుంచి ఒక అధ్యాయం చదివి వినిపించాలి. తప్పు చదివితే మళ్లీ మొదటి నుంచి.

మిషన్ దరఖాస్తును మాలో అందరూ పేపర్లు అంటారు. కలిసిన ప్రతివాళ్లూ "పేపర్లు పంపావా?" అని అడుగుతారు. మా ఇంట్లో అంతకుముందు పదేళ్లుగా పేపర్లంటే వేరు. నాన్న నెలనెలా గ్రీన్ కార్డు వరుసలో మా తేదీ ఎంత కదిలిందో చూసి, భోజనాల దగ్గర ఒక్క మాటలో చెప్పేవారు: కదిలింది, లేదా కదల్లేదు. అవి 2022 మార్చిలో వచ్చాయి. ఆ తరువాతే నేను మిషన్ మాట ఎత్తాను.

ఆగస్టులో మొదలుపెట్టాను. మా స్థానిక సంఘపు పెద్ద అయిన బిషప్పుతో ఒక ఇంటర్వ్యూ, స్టేకు అధ్యక్షుడితో ఇంకొకటి. రెండూ గంటలోపే అయిపోయాయి. కాలం తినేది డాక్టర్ల పని. రక్తపరీక్షలు, క్షయ పరీక్ష, టీకాల వివరాలు. చిన్నప్పటి టీకాల కార్డు హైదరాబాదులో పెద్దమ్మగారి బీరువా అడుగున దొరికేసరికి మూడు వారాలు పట్టింది. పళ్ల డాక్టరు నాలుగు జ్ఞానదంతాలూ ముందే తీయించుకోమన్నారు. ఇన్సూరెన్సు పోగా మా చేతి నుంచి 640 డాలర్లు అయింది, పది రోజులు బుగ్గలు వాచి గంజి తాగాను. ఈ పని మాత్రం వాయిదా వేయకండి. నాకు తెలిసిన ఒకమ్మాయికి మిషన్ మధ్యలో పన్ను నొప్పి వచ్చి, బెంచీ మీద కూర్చుని ఏడ్చింది.

అక్టోబరు 2 ఆదివారం నా పేపర్లు వెళ్లాయి. 18వ తేదీ మంగళవారం పిలుపు వచ్చింది. ఎక్కడికి పంపాలన్నది మన చేతిలో ఉండదు. ఆ సాయంత్రం ఏడింటికి ఇంటి నిండా జనం. ఒంగోలులో తెల్లవారుజామున ఐదున్నర, అమ్మమ్మ నెత్తిన కొంగు కప్పుకుని వీడియోలో కూర్చుంది. ఉత్తరం పైకి చదివాను. టెక్సస్ మెకాలెన్ మిషన్, స్పానిష్ భాష. అందరూ చప్పట్లు కొట్టారు. నా మనసు చివుక్కుమంది. పెరూ అనో, దేవుడు దయ చూపితే బెంగళూరు అనో ఎన్ని రాత్రులు ఊహించుకున్నానో. "ఏ ఊరే అది?" అని అమ్మమ్మ అడిగింది. టెక్సస్‌లోనే అన్నాను. "అయితే అన్నం దొరుకుతుంది. ఏ సంఘమైతేనేం, దేవుడి మాట చెప్పడానికి వెళ్తున్నావు. తిండి మాత్రం మానకు" అంది.

ఖర్చు గురించి ఎవరూ ముందుగా వివరంగా చెప్పరు కాబట్టి నేను చెబుతాను. అమెరికా నుంచి వెళ్లే మాలాంటివాళ్లకు, ఏ దేశానికి పంపినా సరే, నెలకు 500 డాలర్లు కట్టాలి. అమ్మాయిలకు 18 నెలలు కాబట్టి 9,000. అబ్బాయిలకు రెండేళ్లు, 12,000. సరుకుల దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేసి నేను కూడబెట్టింది 3,800. మిగిలింది అమ్మానాన్నలు భరించారు. బట్టలకు, పెట్టెకు, బూట్లకు మరో 900 దాకా అయింది. బూట్లలో డబ్బు ఆదా చేయకండి. చవకగా కొన్న జత మూడు నెలలకే అడుగు ఊడింది.

2023 జనవరి 9న శిక్షణ మొదలైంది, అదీ మా ఇంట్లో నా గదిలోనే. మొదటి వారం కంప్యూటర్ ముందు. ఆ వారం చాలా వింతగా గడిచింది. ముందు రోజు రాత్రే స్టేకు అధ్యక్షుడు తలమీద చేతులుంచి నన్ను మిషనరీగా ప్రత్యేకపరిచారు. తలుపు అవతల అమ్మ పోపు వేస్తున్న వాసన వస్తోంది, ఇవతల నేను మిషనరీనై స్పానిష్ క్రియలు వల్లిస్తున్నాను. 18వ తేదీన విమానంలో యూటా రాష్ట్రంలోని ప్రోవో శిక్షణ కేంద్రానికి వెళ్లాను. కిటికీ తెరిస్తే మంచుకొండలు. అక్కడ ఐదు వారాలు.

ప్రోవోకు చేరిన మూడో రోజునే స్పానిష్‌లో ఒక పాఠం చెప్పమంటారు. ఎదురుగా కూర్చునే మనిషి సంఘం గురించి ఏమీ తెలియనివాడిలా నటించే ఉపాధ్యాయుడే. అది తెలిసినా చేతులు చల్లబడతాయి. పదకొండు మందిమి, అందరం ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నాం. కానీ నాకు అనుకోని సాయం ఒకటి దొరికింది. మన తెలుగు. వాళ్ల త, ద మన త, ద లాంటివే. తక్కినవాళ్లు తోదో అనే మాటను టోడో అంటుంటే నాకు ఆ కష్టమే లేదు. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క. కుర్రాడు, బర్రె అనే నాలుకకు ఆ తేడా పలకడం ఎంత పని? ఇంకా లోతైనది వాక్యం కట్టే తీరు. మే గుస్తా అంటే నాకు నచ్చుతుంది. మే దుయేలే లా కబేసా అంటే నాకు తల నొప్పిగా ఉంది. ఇంగ్లీషువాళ్లు ప్రతిదానికీ నేను అని మొదలుపెట్టి చిక్కుకుపోతుంటే, నేను నాకు అని మొదలుపెట్టి బయటపడేదాన్ని.

రెండో వారం మధ్యలో ఒక రోజు ప్రార్థన గురించి తరగతిలో చర్చ వచ్చింది. స్పానిష్‌లో మీరు అనడానికి ఉస్తెద్, నువ్వు అనడానికి తూ. పరిచయం లేనివాళ్లను, పెద్దలను ఉస్తెద్ అనాలి. దేవుణ్ణి మాత్రం తూ అనాలి. అంత గొప్పవాడిని నువ్వు అని ఎలా అంటామని ఒకబ్బాయి నిజంగానే బాధపడ్డాడు. ఉపాధ్యాయుడు చెప్పిన సమాధానం ఎవరికీ ఎక్కలేదు. నేను చేయి ఎత్తాను. మా భాషలో కూడా అంతే, మేష్టారిని మీరు అంటాం, బిషప్పును మీరు అంటాం, దేవుణ్ణి నీవు అంటాం, అమ్మమ్మను నువ్వు అంటాం, దగ్గరితనం అలాంటిది అని చెప్పాను. గది కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. ఆ సాయంత్రం మొదటిసారి కాగితం చూడకుండా స్పానిష్‌లో ప్రార్థించాను. నాలుగే వాక్యాలు, కానీ ఇంట్లో ప్రార్థించినట్టే అనిపించింది.

ఈ ధైర్యమంతా ఫిబ్రవరి 21 వరకే.

మెకాలెన్ విమానాశ్రయం బయట అడుగుపెట్టగానే వేడి. పొద్దున ప్రోవోలో మంచు, మధ్యాహ్నం ఇక్కడ తాటిచెట్ల లాంటి చెట్లు, చెమట. రియో గ్రాండే నదికి ఉత్తరాన, మెక్సికో సరిహద్దు వెంబడి బ్రౌన్స్‌విల్ నుంచి రోమా దాకా వరుసగా ఊళ్లు. ఇక్కడివాళ్లు దీన్ని లోయ అంటారు, కొండ మాత్రం ఎక్కడా కనిపించదు. నా మొదటి చోటు మెకాలెన్‌కు తూర్పున ఉన్న ఒక చిన్న ఊరు. దాని పేరు రాయను. ఎందుకన్నది చదువుతుంటే మీకే తెలుస్తుంది.

అది చెరకు కొట్టే కాలం. కోతకు ముందు తోటకు నిప్పు పెట్టి ఆకు కాలుస్తారు. సాయంత్రం ఇంటింటికీ తిరుగుతుంటే ఆకాశం నుంచి నల్లని నుసి పొడుగాటి పీచుల్లా మెల్లగా రాలేది. వేలితో తుడిస్తే తెల్ల జాకెట్టు మీద గీతలా అంటుకుపోయేది. తుడవకూడదు, ఊదాలని ఒక చిన్న పిల్ల నేర్పింది. పాల్గుణ మాసంలో మన చెరకు ఊళ్లలో బెల్లం వండే వాసన ఎలా ఉంటుందో ఆమెకు చెప్పాలనిపించింది. చెప్పడానికి మాటలు లేవు. ఆ చెరకు ఆడిన మిల్లు, టెక్సస్‌లో మిగిలిన చివరి చక్కెర మిల్లు, నీళ్లు లేక నేను అక్కడ ఉండగానే 2024 ఫిబ్రవరిలో మూతపడింది.

మిషనరీలం ఎప్పుడూ ఇద్దరిద్దరుగా ఉంటాం. నాకు శిక్షణ ఇచ్చిన సహచరి ఐడాహో రాష్ట్రపు అమ్మాయి. బంగారు జుట్టు, చక్కటి స్పానిష్. మేమిద్దరం ఏ గేటు దగ్గర నిలబడినా అందరూ నావైపు తిరిగి మాట్లాడేవారు. నా రంగు చూసి మెక్సికో పిల్లననుకునేవారు. నేను తడబడితే ముఖంలో నొప్పి కనిపించేది. ఒక పెద్దాయన అడిగేశాడు: మీ అమ్మానాన్నలు నీకు మన భాష ఎందుకు నేర్పలేదు? ఇండియా నుంచి వచ్చానని చెప్పేలోపే ఆయన తల అడ్డంగా ఊపుతూ లోపలికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి చాలా ఏడ్చాను. ఆయన మీద కోపంతో కాదు. సొంత భాష పోగొట్టుకున్న పిల్లలను చూసి అమ్మమ్మ కూడా అలాగే తల ఊపుతుంది.

తరగతిలో నేర్చుకున్న స్పానిష్ వేరు, లోయలో వినిపించే స్పానిష్ వేరు. ట్రక్కును త్రోకా అంటారు, మధ్యాహ్న భోజనం లోంచే. అవోరీతా అంటే ఇప్పుడే అని చదువుకున్నాను, కానీ అది ఇంకో గంటా కావచ్చు, ఎప్పటికీ కాకపోవచ్చు. వినపడనప్పుడు ఏమిటి అనకూడదు, మాందే అనాలి, మన చిత్తం లాగా. అన్నిటికంటే కష్టం ఫోను. ఎదుటి మనిషి ముఖం కనబడకపోతే నాకు అందేది సగంలో సగమే. ఫోను మోగితే నా గుండె ఝల్లుమనడం ఐదో నెలకు గానీ ఆగలేదు.

తలుపు తట్టకూడదని మొదటి వారంలోనే నేర్చుకున్నాను. పట్టణాల బయట కొలోనియాలు అనే పేటలు ఉంటాయి. మట్టిరోడ్లు, వాన పడితే మోకాలి లోతు నీళ్లు, ఇంటికి రెండు మూడు కుక్కలు. గేటు బయటే నిలబడి, బుయెనాస్ తార్దెస్ అని గట్టిగా పిలవాలి. కుక్కల భయం ఒక కారణం. రెండో కారణం సహచరి చెప్పింది. ఇక్కడ తలుపు మీద గట్టిగా పడే దెబ్బ అంటే చాలా ఇళ్లలో ఊపిరి బిగపడతారు. పరదా కొంచెం కదులుతుంది, మన పొడుగు లంగాలు, నల్ల పేరు పలక చూస్తారు, అప్పుడు గానీ తలుపు తెరుచుకోదు. చాలా తలుపుల మీద గ్వాదలూపే మాత బొమ్మతో, ఇది కాథలిక్కుల ఇల్లు, వేరే బోధలు వద్దు అని అంటించి ఉండేది. అక్కడ నమస్కారం చెప్పి సాగిపోయేవాళ్లం. అలాంటి ఇంటివాళ్లే ఎండలో చూడలేక చల్లటి నీళ్ల సీసాలు చేతికిచ్చి పంపినవి లెక్కలేనన్ని.

ఫిబ్రవరి 26 ఆదివారం సంస్కార కూడికలో కొత్త మిషనరీగా సాక్ష్యం చెప్పాలి. ఐదు వాక్యాలు బట్టీ పట్టాను, నాలుగు చెప్పగలిగాను. కిందికి వచ్చాక ఒక ముసలావిడ నా చేయి పట్టుకుని వదల్లేదు. ఏదేదో చెప్పింది. నాకు అర్థమైంది మిహా ఒక్కటే, అమ్మాయీ అని. ఎక్కడి పిల్లవని అడిగింది. ఇండియా అన్నాను. కాసేపు ఆలోచించి, మరి మీ అమ్మ ఎవరి దగ్గర ఉంది అంది. ఆ ప్రశ్న నాకు పూర్తిగా అర్థమైంది.

మిషనరీలకు రాత్రి భోజనం సంఘసభ్యులు వంతులవారీగా పెడతారు. గురువారం ఆ ముసలావిడ ఇంట్లో. ఆమె భర్త ఇళ్లు కట్టే పనికి వెళ్తాడు, ఆమె ఇంట్లోనే గోధుమ రొట్టెలు చేసి అమ్ముతుంది. పిండిని అరచేతుల మధ్య తిప్పుతూ పెద్దది చేసే తీరు చూస్తే అచ్చం మా మేనత్త. బల్ల మీద రాతి రోలులో టమాటా పచ్చడి, కొత్తిమీర, పచ్చి మామిడి ముక్కల మీద ఉప్పు, కారం. నేను ఆ మామిడి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఆమె ఏమీ అడగకుండా గిన్నె నావైపు జరిపింది.

మాటలు రాని నాతో ఆయన మాట్లాడిన పద్ధతి ఒకటుంది. ఫోను తీసి ఫోటోలు చూపించేవాడు. మెకాలెన్‌లో ట్రెంటన్ రోడ్డు పక్కన అప్పుడు మా సంఘం దేవాలయం కడుతున్నారు. 2020 నవంబరులో శంకుస్థాపన అయినప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను ట్రక్కులో ఎక్కించుకుని అక్కడికి వెళ్లి, కంచె బయట నిలబడి, అదే చోటు నుంచి ఒక ఫోటో తీసేవాడు. మట్టి, ఇనుప కడ్డీలు, గోడ ఒక వరుస, గోడ రెండో వరుస, శిఖరం. వందకు పైగా ఉన్నాయి. ఒక్కొక్కటి జరుపుతూ ఒక్కొక్క మాట చెప్పేవాడు, నేను తిరిగి చెప్పేదాన్ని. గోడ, కిటికీ, క్రేను, మేస్త్రీ. నా స్పానిష్‌లో చాలా పదాలు ఆ ఫోటోల్లోంచి వచ్చినవే.

ఎందుకంత ఆత్రమో ఏప్రిల్‌కు గానీ అర్థం కాలేదు. అప్పటికి ఒక మాట మొత్తంగా వినే శక్తి వచ్చింది. మాలో భార్యాభర్తలు చావుతో విడిపోకుండా నిత్యత్వానికి ముడిపడే విధి దేవాలయంలోనే జరుగుతుంది, ఆదివారం కలిసే ప్రార్థనా మందిరంలో జరగదు. వాళ్లు సంఘంలో చేరింది 2001లో. దక్షిణాన మోంతెర్రేయ్‌లో 2002లో దేవాలయం వచ్చింది. ఉత్తరాన శాన్ ఆంటోనియోలో 2005లో వచ్చింది. రెండూ నాలుగు గంటల లోపు దూరమే. కానీ వాళ్లకు పపేలెస్ లేవు, అంటే కాగితాలు. దక్షిణానికి నది దాటితే తిరిగి రాలేరు. ఉత్తరానికి వెళ్లే రోడ్ల మీద, ఫాల్‌ఫుర్రియాస్ దగ్గర, సరీటా దగ్గర సరిహద్దు దళం తనిఖీ కేంద్రాలున్నాయి. వాటిని దాటాలంటే కాగితం చూపాలి. నదికీ ఆ తనిఖీ కేంద్రాలకూ మధ్య ఆ ఇద్దరూ ఇరవై రెండేళ్లుగా ఉండిపోయారు. ఇక్కడే పుట్టిన పిల్లలు సంఘం బస్సులో శాన్ ఆంటోనియోకు వెళ్లి వచ్చి, అమ్మా నాన్నలకు దేవాలయం బొమ్మ తెచ్చి ఇచ్చారు. అది ముందు గదిలో పటం కట్టి ఉంది.

ఆ రాత్రి పడుకునే ముందు నా గ్రీన్ కార్డు తీసి చూసుకున్నాను. పదేళ్లు ఎదురుచూశామని నేను ఎంతమందికి చెప్పుకున్నానో గుర్తొచ్చింది.

ప్రతి ఆరు వారాలకు బదిలీల కబురు వస్తుంది. శనివారం ఫోను వస్తే మంగళవారానికి పెట్టె సర్దేయాలి. జూన్ 27న నన్ను బ్రౌన్స్‌విల్‌కు పంపారు. ఆ వేసవిలో వరుసగా ఎన్నో రోజులు 38 డిగ్రీలు దాటింది. జూలైలో ఒక మధ్యాహ్నం కళ్లు తిరిగి ఒక మెస్కీట్ చెట్టు కింద కూర్చుండిపోయాను. అప్పటి నుంచి సంచిలో ఉప్పు కలిపిన నిమ్మనీళ్లు లేకుండా బయటికి వెళ్లలేదు. కారుకు నెలకు ఇన్ని మైళ్లని లెక్క ఉంటుంది. నెలాఖరులో మైళ్లు అయిపోతే నడకే. చేతికి వచ్చే డబ్బు కూడా అంతే, చివరి వారం అన్నం, గుడ్లు, ఎవరో ఇచ్చిన నారింజలు.

నా మిషన్‌లో అత్యంత కష్టమైన కాలం ఎండ వల్ల వచ్చింది కాదు. ఆగస్టు 8 నుంచి సెప్టెంబరు 19 దాకా నాకు వచ్చిన సహచరికీ నాకూ పొసగలేదు. తప్పు ఎవరిదని ఇప్పుడు రాయడం న్యాయం కాదు. స్నానాల గదిలో తప్ప ఇరవై నాలుగు గంటలూ ఒకరికొకరు కనపడేంత దూరంలో ఉండాలి, ఉదయం ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. ఆ మధ్యలో మాటలు లేకపోతే రోజు ఎంత పొడుగో అనుభవిస్తేనే తెలుస్తుంది. కారు వెనక్కి తీసేటప్పుడు సహచరి దిగి వెనక నిలబడి చేత్తో సైగ చేయాలని నియమం. కొన్ని ఉదయాలు మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ ఆ చేతి సైగ ఒక్కటే. మిషన్‌లో ఉన్నవాళ్లు ఫోనులో మానసిక సలహాదారుతో మాట్లాడే ఏర్పాటు ఉంది, అడిగితే ఇస్తారు. నేను నాలుగు వారాలు అడగలేదు. బలహీనురాలినని అనుకుంటారని భయపడ్డాను. ఇది చదివే అమ్మాయిలూ, మొదటి వారంలోనే అడగండి. మేం చివరి దాకా స్నేహితులం కాలేదు. చివరి రాత్రి ఆమె నా చిరిగిన సంచి పట్టీ కుట్టి పెట్టింది.

సోమవారం మా సిద్ధపాటు దినం. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, ఇంటికి వీడియో ఫోను. 2019 నుంచి వారం వారం మాట్లాడనిస్తున్నారు, అంతకుముందు వెళ్లినవాళ్లకు ఏడాదికి రెండుసార్లేనట. ఒక సోమవారం అమ్మమ్మ ఏదో అడిగితే నేను "సీ, ఎర్మానా" అన్నాను, అవును సోదరీ అని. ఆమెకు అర్థం కాలేదు, నాకు తెలియలేదు, అమ్మ చెప్పింది. ఇంకో సోమవారం సరుకుల దుకాణంలో, కూరగాయల వరుసలో, వెనక నుంచి "కొత్తిమీర రెండు కట్టలు తీసుకో" అని వినపడింది. చటుక్కున తిరిగాను. భార్యాభర్తలు, ఆసుపత్రి బ్యాడ్జీలతో. పలకరించాలని నోరు తెరిస్తే ముందు వచ్చింది స్పానిష్. తెలుగు దొరికేసరికి నా గొంతు పూడుకుపోయింది. ఆ అక్క నన్ను పక్కకు తీసుకెళ్లి, ఏమైందమ్మా అంది. ఏమీ కాలేదు అన్నాను. అది నిజం.

మెకాలెన్ దేవాలయ ప్రతిష్ఠ 2023 అక్టోబరు 8 ఆదివారం జరిగింది. మా సంఘపు అగ్రనాయకులైన అపొస్తలుల్లో ఒకరు, డీటర్ ఉఖ్‌డోర్ఫ్ వచ్చారు. నవంబరు 4 శనివారం ఆ దంపతుల విధి. మిషను అధ్యక్షుడి అనుమతి తీసుకుని బ్రౌన్స్‌విల్ నుంచి వెళ్లాను. లోపల జరిగింది మేం బయట చెప్పుకోం. బయట జరిగింది చెబుతాను. ఆయన కొత్త సూటులో వచ్చాడు, మడమ దగ్గర దుకాణం చీటీ ఇంకా అంటుకునే ఉంది. విధి అయ్యి బయటికి వచ్చాక, పిల్లలు మెట్ల మీద ఫోటోకు పిలుస్తుంటే, ఆయన ఆమె చేయి పట్టుకుని రోడ్డు దాకా నడిపించుకుని వెళ్లాడు. మూడేళ్లు ఏ చోటు నుంచి ఫోటో తీసేవాడో సరిగ్గా అక్కడ నిలబడ్డాడు. ఆమెను ముందు నిలబెట్టి, ఫోను పైకెత్తి, ఒకటి తీశాడు. మళ్లీ చూసుకుని, ఇంకొకటి తీశాడు. అప్పుడు నన్ను చూసి, గోడ అన్నాడు. నేను గోడ అన్నాను. కిటికీ అన్నాడు. కిటికీ అన్నాను. ఆమె ఇద్దరినీ చూసి ఏడుస్తూ నవ్వింది.

జనవరి 23 నుంచి చివరి దాకా రియో గ్రాండే సిటీలో ఉన్నాను. అక్కడ వారానికి రెండు సాయంత్రాలు ఉచితంగా ఇంగ్లీషు నేర్పేవాళ్లం. నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పని అది. తొమ్మిదేళ్లప్పుడు ఆ భాష నోట్లో ఎలా ఇరుక్కుంటుందో అనుభవించాను కాబట్టి, వాళ్లు ఎక్కడ ఆగుతారో నాకు ముందే తెలిసేది. బాప్తిస్మాల సంఖ్య అడిగేవాళ్లకు సమాధానం: పద్దెనిమిది నెలల్లో ఏడుగురు. వాళ్లలో ముగ్గురు ఇప్పుడు ఆరాధనకు రావడం లేదని విన్నాను. వాళ్ల పేర్లతో రోజూ ప్రార్థిస్తున్నాను.

జూలై 10న అమ్మానాన్నలు కారులో నన్ను తీసుకెళ్లడానికి వచ్చారు. డాలస్ చేరాక ఆ రాత్రి స్టేకు అధ్యక్షుడు విడుదల చేసేదాకా నేను మిషనరీనే, పేరు పలక తీయకూడదు. వెళ్లే ముందు ఆ దంపతుల ఇంటికి తీసుకెళ్లాను. అమ్మకు స్పానిష్ రాదు, ఆమెకు తెలుగు రాదు. అమ్మ గడప దాటగానే ఆమె చేతులు పట్టుకుని, మిహాను తిరిగి ఇచ్చేస్తున్నానంది. నేను తెలుగులో చెప్పలేకపోయాను, అమ్మకు చెప్పే అవసరమూ రాలేదు. దారిలో తినమని గోధుమ రొట్టెలు గుడ్డలో చుట్టి ఇచ్చింది.

గంట ప్రయాణం తరువాత ఫాల్‌ఫుర్రియాస్ తనిఖీ కేంద్రం. నాన్న కారు నెమ్మదించి మూడు గ్రీన్ కార్డులూ కిటికీ లోంచి అందించారు. ఆఫీసరు వాటిని చూసి, నా పేరు పలక మీది స్పానిష్ చదివి, ఇంటికా అని అడిగాడు. అవునన్నాను. వెళ్లమని చేయి ఊపాడు. నిమిషం కూడా పట్టలేదు. రోడ్డుకు రెండు పక్కలా మెస్కీట్ పొదలు, గడ్డి, ఎక్కడా ఇల్లు లేదు. నాన్న రేడియో పెట్టబోతే వద్దన్నాను.

ఫోను మోగింది. ఆమె దగ్గర నుంచి సందేశం. యా పసారోన్, మిహా? దాటారా అని.

యా పసామోస్, ఎర్మానా, అని రాశాను. దాటామని.

కాసేపటికి ఇంకో సందేశం వచ్చింది. వాళ్ల పేటలో వాన మొదలైందట, కుక్కలను లోపల కట్టేసిందట, రొట్టెలు చల్లారకముందే తినమంది.